ఐసు మీద ఉప్పు

నేను ఒక ఐసు పెట్టెను. ఒకప్పుడు నా ఒళ్లు నీలం, మూత తెలుపు. ఎండకీ ఉప్పుగాలికీ వెలిసిపోయి ఇప్పుడు రెండూ ఒకటే రంగయ్యాయి. ఆ రంగుకి పేరు లేదు. లోకంలో చాలామంది మీద నాకు చిరాకు ఉంది గాని కోపం మాత్రం ఒక్కడి మీదే. వాడి పేరు పొట్నూరు శేషగిరి. శ్రీకాకుళంలో ఒక మందుల డిపోలో గుమస్తా.

వాడు అబద్ధం చెప్పలేదు. నకిలీ మందూ అమ్మలేదు. "ఐసులో పెట్టుకుని పట్టుకెళ్లండి" అన్నాడు, తల ఎత్తకుండా. అంతే. ఎంత చలి మంచిదో, ఎంత చలి చెరుపో చెప్పడానికి ఇంకో అరమాట కావాలి. ఆ అరమాట వాడికి తెలుసు. వాడి వెనకాలున్న ఫ్రిజ్ మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాల్లో అంటించే ఉంది. ఎదురుగా నిలబడ్డది ఇస్త్రీ చొక్కా అయితే కుర్చీ వేసి మరీ చెప్పేవాడేమో. నిలబడ్డది లుంగీ కట్టిన చేపల మనిషి. అందుకని ఆ అరమాట మింగేశాడు. మింగింది వాడు, అరక్కుండా ఉండిపోయింది ఇంకొకరికి.

సరే, నా సంగతి మొదట్నించీ చెబుతాను.

హైదరాబాదు అవతల ఒక ఫ్యాక్టరీలో నన్ను పోత పోశారు. నాకు రెండు గోడలు. మధ్యలో నురుగు నింపి గట్టిపరిచారు. ఆ నురుగు పనల్లా బయటి వేడిని లోపలికీ లోపలి చలిని బయటికీ పోనివ్వకపోవడమే. చలితో పాటు మాట కూడా పోదు. నాలో పడింది నాలోనే ఉంటుంది. దీన్ని మనుషులు గుణం అంటారు. నేను ఖర్మ అంటాను.

నా చదువు పశువుల ఆసుపత్రిలో సాగింది. సముద్రానికి కాస్త ఎగువన ఉన్న ఊళ్లో ఆ ఆసుపత్రి. అక్కడ కాంపౌండరు బెహరా గారు నన్ను సైకిలు వెనక కట్టుకుని గాలికుంటు టీకాలు వేయడానికి ఊరూరా తిరిగేవాడు. ఆయన ఐసు ముక్కల మీద వరి ఊక పరిచి, ఊక మీద అట్టముక్క వేసి, దాని మీద సీసాలు పేర్చేవాడు. సీసాకి ఐసు తగిలిందంటే కొత్త అటెండరు చెవి పిండేవాడు. "మందు చలికి వణకాలిరా, కొయ్యబారిపోకూడదు. కొయ్యబారిందంటే అది మళ్లీ నీళ్లయినా మందు కాదు, వట్టి నీళ్లే" అనేవాడు. నేను నేర్చుకున్న పాఠం అదొక్కటే. రెండో పాఠం మొదలయ్యేలోపు ఆయన రిటైరయ్యాడు. తర్వాత వచ్చిన కాంపౌండరుకి టీకాల కంటే పులుసు మీద మక్కువ ఎక్కువ. ఒకరోజు చేపల బుట్టతో వచ్చిన ఆడమనిషికి నన్ను ఇచ్చేసి ఒక పండుగప్ప తీసుకున్నాడు. నా వెల ఒక చేప. అది కూడా తాజాది కాదని, ఆమె ఐసుతో గట్టిపరిచి అంటగట్టిందని తర్వాత తెలిసింది.

ఆమే కాసులమ్మ. గుల్లపేట ఒడ్డున గనగళ్ల ఎల్లాజీ పెళ్లాం. ఎల్లాజీ వేటకి పోయేవాడు, పడిన చేపని ఆమె అమ్మేది. రెండో తరగతితో అతని చదువు సరి. చదువు విషయంలో నేనూ అతనూ ఒకటే, మధ్యలో తెగినవాళ్లం. కాసులమ్మకి ఆ మాత్రం కూడా లేదు గాని బేరంలో ఆమెని ఓడించినవాడు పుట్టలేదు. ఒడ్డున చేప దింపగానే ఐసు పగలగొట్టి నాలో పరిచేది. చేప పేర్చేది. పైన మళ్లీ ఐసు. ఆ ఐసు మీద పిడికెడు కల్లుప్పు.

ఆ ఉప్పు దగ్గరే ఉంది కథంతా. మా ఒడ్డున ఆడవాళ్లకి తల్లి పాలతో వచ్చే విద్య అది. ఐసు మీద ఉప్పు పడితే చలి రెట్టింపు పట్టు పడుతుంది. చేప కర్రలా బిగుసుకుంటుంది. బస్సులో ఎగువ ఊళ్లకి పోయి మధ్యాహ్నం దాకా తిరిగినా కన్ను తెల్లబడదు, మొప్ప నల్లబడదు. "కాసులమ్మ చేప సచ్చినట్టుండదు, నిద్దరోయినట్టుంటాది" అని ఎగువ ఊళ్లలో పేరు. ఆ పేరుతోనే ఆమె సరుగుడు తోట కొంది. గుల్లపేటలో మగవాళ్లకి పడవలున్నాయి, అప్పులున్నాయి. భూమి ఉన్నది కాసులమ్మ ఒక్కతికే. సాయంత్రం పూట అటు పోయి చెట్లని చేత్తో తడిమి వచ్చేది. ఎల్లాజీ ఎగతాళి చేసేవాడు. "ఒలే, అయ్యి సరుగుడు సెట్లే, సావిడాయి సేపలు కాదు. పొద్దుటికి మెత్తబడిపోవులే."

"నీ యాటలాగ కాదు మావా, అయ్యి ఎదుగుతాయి" అనేది.

ఆ ఏడు ఆమె పొట్ట పెరగడం మొదలెట్టింది. తిండి తగ్గింది, పొట్ట పెరిగింది. వీధిలో ఒకర్తి గ్యాసంది, ఒకర్తి వయసు మీరాక కడుపేమోనని వేళాకోళమాడింది. సోడాలు తాగింది, వాము నమిలింది. ఎగువ ఊళ్లో సూదిమందు డాక్టరు రెండుసార్లు గ్లూకోజు ఎక్కించాడు. చివరికి బస్సు మెట్టు ఎక్కలేక నా మీదే కూలబడిపోయింది. అప్పుడు గాని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోలేదు ఎల్లాజీ. అండాశయం కాన్సరన్నారు. పొట్టలో చేరింది నీరన్నారు. ముందు మందు ఎక్కించారు, తర్వాత కోశారు, మళ్లీ మందు ఎక్కించారు. జుట్టు ఊడిపోయింది. సర్కారు కార్డు ఉండబట్టి అంతవరకూ భూమి జోలికి పోలేదు. కొడుకు గుజరాత్ బోట్ల మీదున్నాడు. సీజను మధ్యలో రాలేనని డబ్బు పంపాడు, ఏడుస్తూ ఫోన్ చేశాడు.

ఆ కష్టం ఒడ్డుకి చేరాక ఒకరోజు డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. నేను కుర్చీ కింద ఉన్నాను. ఆసుపత్రికి వచ్చినా కాసులమ్మ నన్ను వదిలేది కాదు. తిరుగు బస్సులో కూర్చోడానికి పీటగా ఉంటానని.

"స్కానులో ఏమీ కనబడటం లేదు. రక్తంలో లెక్క కూడా దిగింది" అంది డాక్టరమ్మ.

ఎల్లాజీ చేతులు జోడించాడు. "అయితే వదిలిపోనాది కదమ్మా."

"కనబడటం లేదన్నాను. లేదనలేదు. ఈ జబ్బు చాలామందికి మళ్లీ వస్తుంది. అది రాకుండా, వచ్చినా ఆలస్యంగా వచ్చేలా ఇప్పుడు ఏం చేయాలన్నది మాట్లాడుకోవాలి."

"రోగం అవుపడదంటన్నారు, మందెయ్యాలంటన్నారు. లేని రోగానికి మందేటమ్మా?"

డాక్టరమ్మ జవాబు వెతుక్కునేలోపు కాసులమ్మే అందుకుంది. "ఏటి మావా అలగంతావు? పడవ ఒడ్డుకి లాగాక జీడినూనె పూయవేటి? సిల్లుంటేనే పూస్తావా? సిల్లు పడకుండా పూస్తావు. ఇదీ అంతే. కాదేటమ్మా?"

డాక్టరమ్మ నవ్వింది. "సరిగ్గా అంతే. నేను ఇంత బాగా చెప్పలేను."

తర్వాత ఆవిడ మూడు దారులు చెప్పింది. ఒకటి, ఏ మందూ వేయకుండా మూడేసి నెలలకి రక్తం పరీక్ష చేస్తూ కనిపెట్టుకుని ఉండటం. అదీ దారే, చేతకానితనం కాదంది. రెండోది, రోజూ వేసుకునే బిళ్లలు. వంశంలో దిగే ఒక లోపం ఉన్నవాళ్లకి అవి బాగా పనిచేస్తాయి. దానికోసం ముందే పరీక్షకి పంపారు. కాసులమ్మకి ఆ లోపం లేదని వచ్చింది, అంచేత బిళ్లల వల్ల ఆమెకి పెద్ద లాభం ఉండదు. మూడోది ఇంజక్షను. జబ్బు తనకోసం కొత్త రక్తనాళాలు అల్లుకోకుండా అడ్డుకుంటుంది. ఆమె పొట్టలో నీరు చేరిన మనిషి, ఇది కొంత మేలు చేయొచ్చు. మూడు వారాలకొకసారి సెలైనులో కలిపి ఎక్కించాలి. బీపీ పెరగొచ్చు, మూత్రం చూస్తుండాలి.

"ఇది ఏస్తే మరి రాదా?" అన్నాడు ఎల్లాజీ.

"అలా మాటివ్వలేను. వెనక్కి నెడుతుంది. కొందరికి కొన్ని నెలలు, కొందరికి ఇంకొంచెం ఎక్కువ."

"కార్డు సెల్లుతాదా?"

"దీనికి చెల్లదు."

ఎల్లాజీ తల దించుకుని నావైపు చూశాడు. మనుషులు జవాబు లేనప్పుడు వస్తువుల వైపు చూస్తారు. మాలో ఏదో ఉంటుందనుకుంటారు. కాసులమ్మ మాత్రం లేచి కొంగు దులుపుకుంది. "తోటున్నాది కదా" అంది.

మందు ఆసుపత్రిలో కొంటే ఒక ధర, శ్రీకాకుళం డిపోలో కొంటే తక్కువ ధర. ఆ తేడా డబ్బు వేటాడేవాడికి తక్కువ కాదు. అలా వచ్చింది శేషగిరితో పరిచయం. ముందురోజు మధ్యాహ్నం ఎల్లాజీ నన్ను పట్టుకుపోయి సీసా తెచ్చేవాడు. మర్నాడు తెల్లారి ఇద్దరూ విశాఖపట్నం బస్సెక్కేవారు. మొదటిసారి చిన్న సీసాని అరచేతిలో పెట్టుకుని అతను అడిగాడు. "ఎలగ పట్టుకెళ్లాల బాబూ?" శేషగిరి అన్న మాట మీకు చెప్పాను.

ఇంటికి రాగానే కాసులమ్మ ఆ సీసాని చూసి ముద్దు పెట్టుకున్నంత పని చేసింది. "ఇంతా? నా తోటలో తలకాయ ముక్కంతా ఈ బుడ్డిలోకి ఎల్లిపోనాదా?" అని నవ్వింది. నన్ను చింతపండు వేసి తోమింది. ఐసు పగలగొట్టి పరిచింది. పంచదార సంచిలో చుట్టిన సీసాని నడుమ పడుకోబెట్టి చంటిపిల్లకి దుప్పటి కప్పినట్టు పైన ఐసు కప్పింది. తర్వాత ఉప్పు డబ్బా తీసింది.

వద్దని ఎలా చెప్పను? బెహరా గారి మాట నాలో గింగిరాలు కొడుతోంది. పిడికిలి విప్పింది. ఉప్పు జలజలా పడింది. "ఇంకో పిడికెడు. సేపకే అంతేస్తాను, నా పేణానికి ఎయ్యనా" అని రెండోది కూడా వేసింది. ఐసు లోలోపల కసుక్కుమని కరుగుతూ అంతకంతకీ చలి పట్టింది. సీసాలో మందు ముందు చిక్కబడింది, తర్వాత తెల్లబడింది, తర్వాత రాయి అయింది. మర్నాడు బస్సులో, ఆసుపత్రి వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చునేసరికి ఉప్పునీళ్ల బలం తగ్గి, మెల్లగా మళ్లీ నీళ్లయింది. సిస్టరు సీసాని వెలుగుకి పట్టి చూసేసరికి నీళ్లలా తేటగా ఉంది. చల్లగా ఉంది. ఏ అనుమానమూ రాలేదు. ఎక్కించేశారు.

అలా ఒకసారి కాదు. మూడు వారాలు తిరిగేసరికి మళ్లీ. తోటలో ఒక ముక్క పోయేది, ఒక సీసా వచ్చేది, నాలో రాయి అయ్యేది, నీళ్లయ్యేది, ఆమె నరంలోకి పోయేది. కొంటున్నది పక్క ఊరి రొయ్యల చెరువాయన. చెరువు గట్టుకి మట్టి కావాలట, చెట్లు అక్కర్లేదట. కాసులమ్మ దాన్నీ నవ్వుకిందే లెక్కేసింది. "సేపని కోసినట్టు కోసి అమ్ముతన్నాం మావా. తలకాయ ముక్క పోయె, నడిముక్క పోయె. తోక మనకి ఉంచుకుందాం, పులుసుకి పనికొస్తాది."

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్‌తో ప్రతిసారీ తగువే.

"ఏయ్, చేపల పెట్టె లోపలికి రాకూడదు."

"సేపల్లేవు బాబూ, మందున్నాది" అనేవాడు ఎల్లాజీ.

వాడు మూత తీసి ముక్కు మూసుకునేవాడు. "కంపు!"

"కంపు పెట్టెది బాబూ, మందుది కాదు" అనేది కాసులమ్మ. "నీకు కూరకి గావాలంతే అడుగు, రేపు బతికుంటే తెస్తాను. అంతేగాని నా మందుని వాసన సూడకు, దిష్టి తగుల్తాది."

ఆమెకి కాస్త జుట్టు మొలిచింది. తినగలిగేది. ఎల్లాజీ ముఖంలోకి నెత్తురొచ్చింది. వేటకి పోయేటప్పుడు పాట కూడా ఎత్తుకున్నాడు.  అసలు మందు తగలకుండానే ఆమె బాగుందేమో, రోగం తనంతట తానే కొన్నాళ్లు పడుకుందేమో. లేక రాయి అయి కరిగిన మందులో ఎంతో కొంత ప్రాణం మిగిలిందేమో. నాకు తెలియదు. నేను చదివింది గాలికుంటు టీకా వరకే.

ఒకసారి గుల్లపేట నుంచి విశాఖపట్నానికి చేపల వ్యాను పోతుంటే డ్రైవరు జాలిపడి ఇద్దర్నీ ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. బస్సు కంటే చాలా ముందు చేరిపోయారు. ఆసుపత్రిలోనూ ఆ రోజు జనం తక్కువ. కాసులమ్మని బీపీ చూడ్డానికి లోపల పడుకోబెట్టారు. మందు కలిపే గది దగ్గర సిస్టరు హైమ నా మూత తీసింది. ఐసు ఇంకా కరగలేదు. సీసా చేత్తో తీసి గభాలున చెయ్యి వెనక్కి లాక్కుంది. సీసాలో తెల్లటి రాయి.

"ఇదేంటి ఎల్లాజీ? మందు గడ్డకట్టేసింది!"

"బాగా సల్లగా ఉంచామమ్మా" అన్నాడు గర్వంగా.

ఆమె ఐసు ముక్క తీసి చూసింది. వేలికి అంటిన తెల్లటి రవ్వ చూసింది. "ఉప్పేశారా?"

"ఉప్పెయ్యకపోతే ఐసు నిలవదు కదమ్మా."

సిస్టరు హైమ స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆమె చెప్పింది, మెల్లగా, ఒక్కొక్క మాట. ఈ మందు చల్లగా ఉండాలి గాని గడ్డకట్టకూడదు. గడ్డకడితే దాని గుణం విరిగిపోతుంది, మళ్లీ నీళ్లయినా అది మందు కాదు. బెహరా గారి మాటే, మరో నోట్లోంచి. నాకు ఏడుపొచ్చింది. పెట్టె ఏడిస్తే అంచుల్లోంచి కారే చెమ్మే, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

"ఇంతకుముందు కూడా ఇలాగే తెచ్చారా?"

అతను గోడకి ఆనుకున్నాడు.  తల ఊపాడు. ఒకసారి ఊపితే చాలదన్నట్టు ఊపుతూనే ఉన్నాడు.

సిస్టరు అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ సీసాని వెలుగుకి పట్టి చూసింది. "ఎంత పాడైందో, ఎంత పనిచేసిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు ఎల్లాజీ గారూ. పోయినవాటి గురించి వదిలేయండి. ఇవాళ్టిది పారేద్దాం. ఇక మీదట జాగ్రత్తగా తెండి." తర్వాత తనలో తను అనుకున్నట్టు అంది, "మేమైనా మొదటిరోజే అడగాల్సింది."

ఎల్లాజీ ఆవిడ బల్ల అంచు పట్టుకున్నాడు. "అమ్మా, ఒక్క మాట. మా ఆడదానికి సెప్పకండి. ఉప్పేసింది అదే. దాని సేత్తోనే ఏసింది. తెలిస్తే రోగం సంపకముందే ఆ సెయ్యి దాన్ని సంపేస్తాది."

అతను బయటికొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "బీపీ ఎక్కువుందంట. వొచ్చే వారం రమ్మన్నారు" అన్నాడు.

"బీపీ నీ వల్లే" అంది కాసులమ్మ. "వ్యానులో ఆ డ్రైవరుతో రాజకీయాలు మాటాడి నా పేణం తీసినావు."

ఆ సీసా చెత్తబుట్టలో పడింది. దాంతో పాటు తోటలో ఒక ముక్క.

మళ్లీ వెళ్లాల్సిన ముందురోజు ఎల్లాజీ నన్ను డిపోకి తీసుకుపోలేదు. "రేపు దారిలోనే కొందాం, డిపో పెందరాళే తీస్తన్నారంట" అన్నాడు. కాసులమ్మ తెల్లారకముందే ఐసు నింపింది. ఉప్పు డబ్బా అందుకుంది. అతను చెయ్యి పట్టుకున్నాడు. "ఈసారి ఉప్పొద్దులే."

"ఏటి? ఇశాపట్నం సేరేసరికి నీళ్లయిపోద్ది. నా పేణానికి పిడికెడు ఉప్పు బరువైపోనాదా నీకు?"

అతను సముద్రం మధ్యలో తెగిన తాడు పట్టుకున్నవాడిలా చెయ్యి వదిలేశాడు. ఆమె వేసింది. నాలో చలి బిగిసింది.

శ్రీకాకుళం బస్టాండులో ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను భుజానికెత్తుకుని డిపోకి నడిచాడు. డిపో పక్క సందులో మురిక్కాలవ ఉంది. నన్ను బోర్లించాడు. ఆమె పగలగొట్టి పేర్చిన ఐసంతా గలగలా కాలవలో పడింది. కుళాయి కింద పెట్టి ఉప్పు రవ్వ లేకుండా కడిగాడు. సోడా బండివాడి దగ్గర ఐసు కొన్నాడు. డిపోలో కొన్న సీసాని సిస్టరు ఇచ్చిన మూతడబ్బాలో పెట్టి, తన తువ్వాలు నాలుగు మడతలు చుట్టి, ఐసుకి తగలకుండా పైన ఉంచాడు. అప్పుడు ఆ డిపో గుమ్మంలోకి చూసి ఉమ్మేశాడు. శేషగిరి లోపల ఎవరికో చెబుతున్నాడు: "ఐసులో పెట్టుకోండి."

అప్పట్నించీ ప్రతిసారీ ఇదే తంతు. ఇంటి దగ్గర ఆమె ఉప్పేయడం, శ్రీకాకుళం కాలవలో అతను పారబోయడం. భార్యాభర్తలు ఒకరికొకరు తెలియకుండా చేసే పనులు నేను చాలా చూశాను. పోపుల డబ్బాలో దాచిన నోట్లు, పడవ కింద దాచిన సీసాలు. ఇలాంటిది చూడలేదు.

రెండోసారో మూడోసారో ఆసుపత్రిలో అతను బిల్లు కట్టడానికి పోయాడు. కాసులమ్మ బెంచీ మీద ఉంది, నేను పక్కన. నా అంచు నుంచి ఐసు నీళ్లు కారుతున్నాయి. చేపలామెకి ఉన్న అలవాటు కొద్దీ వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. ఆగిపోయింది. మళ్లీ పెట్టుకుంది. ఉప్పు తగల్లేదు. మూత ఎత్తి చూసింది. తువ్వాలు, మూతడబ్బా, పెద్ద పెద్ద ఐసు ముక్కలు. ఆమె కొట్టిన ముక్కలు కావు. ఆమె ముక్క చిన్నది.

సిస్టరు హైమ అటుగా వచ్చింది. కాసులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. గొంతు తగ్గించి అడిగింది. "ఒలమ్మా, ఉప్పేస్తే ఈ మందు పాడైపోతాదా?"

సిస్టరు హైమ నోరు తెరిచింది, మూసింది. డాక్టరమ్మ గదిలో ఎల్లాజీకి ఇచ్చిన మాట ఆమెకి అడ్డొచ్చింది. ఆ నోరు మూయడమే జవాబైంది.

కాసులమ్మ తన కుడిచెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంది, అందులో ఏదో రాసి ఉన్నట్టు. చేపల పొలుసులకి గరుకెక్కిన చెయ్యి. ఎంతసేపు చూసిందో. తర్వాత పిడికిలి మూసింది. "మా మావకి సెప్పకు. నాకు తెలీదనుకుని ఒకడు నా ఐసు పారబోసుకుంటా తిరుగుతన్నాడు. తిరగనీ. ఆ మాత్రం పనైనా ఉండనీ ఆడికి."

ఆ తర్వాత కూడా ఇంటి దగ్గర ఉప్పు డబ్బా తీసేది. అతను చూస్తుండగానే వేసేది. ఇదివరకు పిడికెడు, ఇప్పుడు చిటికెడు. "సరిపోతాదా?" అని కూడా అడిగేది. "సరిపోతాదిలే" అనేవాడు అతను, పక్కకి చూస్తూ. అతనికి ఆ తేడా తెలియలేదు. పారబోసేవాడు ఎంత ఉప్పుందో చూస్తాడా? ఆమెకి తెలుసని అతనికి తెలియదు. అతనికి తెలుసని ఆమెకి తెలుసు. ఇద్దరి సంగతీ తెలిసింది నాకొక్కదానికే. నాకేమో రెండు గోడలు, నడుమ నురుగు.

సరైన మందు నాలుగైదుసార్లు పడిందేమో. రక్తంలో లెక్క పెరిగింది. మళ్లీ చేయించారు, ఇంకా పెరిగింది. స్కానులో చుక్కలు కనపడ్డాయి. పొట్టలో నీరు చేరడం మొదలెట్టింది. ఎల్లాజీ డాక్టరమ్మని పక్కకి పిలిచి అడిగాడు, "ముందునించీ సరిగ్గా ఏసుంటే ఆగేదా అమ్మా?" ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "చెప్పలేను. సరిగ్గా వేసినా ఆగనివాళ్లు ఉన్నారు. ఆగినవాళ్లూ ఉన్నారు. మీకేం చెప్పినా అది నేను కల్పించి చెప్పినట్టే అవుతుంది."

అతను ఆవిడ ఏదో ఒకటి కల్పించి చెబితే బాగుండుననుకున్నాడు. 

వేరే కీమో మొదలెట్టారు. కాసులమ్మ ఒంటికి పడలేదు. రెండు పడ్డాక వద్దంది. గుల్లపేట తీసుకొచ్చేశాడు. మంచం గుమ్మం ముందు వేయించుకుంది, సముద్రం వైపు కాదు, తోట వైపు. అక్కడ తోట లేదు. రొయ్యల చెరువు గట్టు, దాని మీద నీళ్లు చిమ్మే చక్రాలు. తోక ముక్క కూడా పోయింది.

ఒక సాయంత్రం ఎల్లాజీ ఆమెకి గంజి పడుతున్నాడు. అతని కళ్లు దించుకునే ఉన్నాయి. ఎన్నాళ్లుగానో దించుకునే ఉన్నాయి. ఆమె చెంచా పక్కకి నెట్టింది.

"మావా, ఇలగ సూడు. మందులో లోపం లేదు."

అతను ఉలిక్కిపడ్డాడు.

"ఒక్కనాడూ పాడవ్వలేదు. నా సేత్తో ఉప్పేసి పెట్టినాను, నువ్వు ఎత్తుకెల్లినావు. మనిద్దరం సెయ్యాల్సింది సేసినాం. రోగమే మొండిది. ఏటి, ఇనపడతాదా?"

"ఇనపడతాది" అన్నాడు. పడవ కాళ్లకింద పగిలినట్టు ఏడ్చాడు. ఆమె ఆ గరుకు చెయ్యి అతని తలమీద పెట్టింది. ఏమీ తెలియకుండానే పోతోందని అతను ఏడ్చాడు. అలా అనుకోనిచ్చి ఆమె పోయింది, మరుసటి వారం, ఆటు దిగే వేళ.

అరవాలనిపించింది నాకు. 'ఆమెకి తెలుసురా, తెలిసే నీకు ఆ మాట చెప్పింది' అని. అరిస్తే అతనికి ఊరటో, ఇంకో గాయమో. అది కూడా నాకు తెలియదు. నోరు లేకపోవడం ఒక్కోసారి మంచిదే అంటారు మనుషులు. నోరున్నవాళ్లకి అలా అనడం తేలిక.

తర్వాత నాలో చేప పడలేదు. ఇంటిముందు బోర్లా పడి ఉన్నాను. పాత సామాన్లవాడు ప్లాస్టిక్కు కిలోకింతని బేరమాడితే ఎల్లాజీ రాయి తీశాడు. సాయంత్రాలు నా మీద కూర్చుని చెరువు గట్టు వైపు చూసేవాడు. ఈగ వాలినా తోలుకోడు.

మొన్న ఒక కుర్రరైతు స్కూటరు మీద వచ్చాడు. పేరు లంక రాజారావు, ఎచ్చెర్ల అవతల ఊరు. వాళ్లమ్మకి అదే జబ్బు, అదే ఆసుపత్రి, అదే ఇంజక్షను. మందు తెచ్చుకోడానికి పెట్టె కావాలంటే సిస్టరు హైమ ఇటు పంపిందట.

ఎల్లాజీ లేచాడు. నన్ను తిరగేసి బావి దగ్గరికి తీసుకుపోయి చింతపండు పెట్టి తోమాడు, ఆమె తోమినట్టే. మూతడబ్బా, తువ్వాలు కూడా తెచ్చిచ్చాడు. అడుగున ఐసు ఎలా పరవాలో, సీసా ఎక్కడ పెట్టాలో కూర్చుని చూపించాడు. "ఐసు తగలనీకు. ఉప్పు ఎయ్యకు. మీ ఇంట్లో ఆడోలు ఎవరైనా ఏస్తామంటే ముందే సెప్పు. నొచ్చుకున్నా సరే, ముందే సెప్పెయ్."

శేషగిరి మింగిన ఆ అరమాట, చివరికి రెండో తరగతివాడు కక్కాడు. ఇంకొకడి తల్లి కోసం.

రాజారావు నన్ను స్కూటరు ముందు పెట్టుకుని తాడుతో కట్టాడు. బండి స్టార్టు చేయబోయి ఆగాడు. అడగాలా వద్దా అన్నట్టు నసిగాడు.

"అన్నా, మరోలా అనుకోకు. మొత్తం మీద దీనికి ఎంతవుతాది? మాకూ భూమే ఉన్నాది, అందుకని అడుగుతున్నాను."

ఎల్లాజీ గట్టు వైపు చూశాడు. చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి.

"అరవై రెండు సెంట్లు" అన్నాడు. "సరుగుడు తోట. కాసులమ్మ పేరున."